గుర్తుకాగితం ఒక్కటే ముందుకు నడిచిన వేసవి

ఈ వారం ఉత్తరం రాసినావిడ పేరు వేయవద్దన్నారు. పన్నెండేళ్ళ కొడుకు, తొమ్మిదేళ్ళ కూతురు. కొడుకు ఏడో తరగతి పూర్తి చేశాడు, సెలవులు మొదలయ్యాయి. చిన్నప్పుడు కథ చదివి వినిపిస్తే తప్ప నిద్రపోయేవాడు కాదట. ఎనిమిదో ఏడు వచ్చాక “ఇక నువ్వే చదువుకోగలవు కదా” అని ఆవిడ చదివి వినిపించడం మానేశారు. అప్పటికి పాప అయిదేళ్ళది. రాత్రి కథ పాప వాటాకు వెళ్ళింది. ఆ తరువాత పిల్లవాడు మెల్లమెల్లగా పుస్తకాలకు దూరమయ్యాడు.

నిరుడు వేసవిలో ఆవిడ ఒక పద్ధతి పెట్టారు. రోజుకు 30 పేజీలు చదవాలి, చదివినదాని గురించి నోటుపుస్తకంలో అయిదు వాక్యాలు రాయాలి, అప్పుడు గంటసేపు ఫోను. గోడమీద పట్టిక, పట్టికలో టిక్కులు. మూడు వారాలు నిక్షేపంగా నడిచింది. ఒకరోజు బల్ల తుడుస్తూ పుస్తకం తీసి చూస్తే గుర్తుకాగితం 212వ పేజీ దగ్గర ఉంది. కానీ మధ్యలో ఒకచోట రెండు కాగితాలు, అచ్చువేసిన చోట సరిగా కోయకపోవడం వల్ల, పై అంచున అతుక్కునే ఉన్నాయి. వాటిని విడదీయకుండా ఆ పేజీలు చదవడం ఎవరి తరమూ కాదు. నోటుపుస్తకంలో మాత్రం ఆ పేజీల గురించి అయిదు వాక్యాలు పొందికగా ఉన్నాయి. ఆవిడకు కోపం ఆగలేదు. భర్త, కూతురు ఎదుటే “అబద్ధాలకోరు” అన్నారు. పట్టిక చించేశారు. ఆ రోజు నుంచి పిల్లవాడు పాఠ్యపుస్తకం తప్ప మరో పుస్తకం ముట్టలేదు.

ఫోనులో వీడియో గేమ్‌ల కిటుకులు చెప్పే వ్యాసాలు, బొమ్మల కథలు మాత్రం గంటలకొద్దీ చూస్తాడు. దేనిమీదా శ్రద్ధ లేదని, తన ఛార్జర్ ఎక్కడ పెట్టాడో తనకే తెలియదని, పాపకు కథ చదువుతుంటే అది వెతుక్కుంటూ వచ్చి గదిలో తచ్చాడుతాడని కూడా ఫిర్యాదు చేశారు. ఈ ఏడు బడివాళ్ళు అయిదు పుస్తకాల జాబితా, ఒక్కొక్కదానికి ఒక ప్రశ్నపత్రం ఇచ్చి పంపారు. భర్తేమో “వాడిని వదిలేయి, నేనేమైనా కథల పుస్తకాలు చదివి పైకొచ్చానా?” అంటారు. మొక్కై వంగనిది మానై వంగుతుందా అన్నది ఆవిడ బెంగ. కూర్చోబెట్టి చదివించాలా, ఆయనన్నట్టు వదిలేయాలా, ఈ రెండు నెలల్లో వాడు వెనకబడిపోడా, ఆ అబద్ధం మాటేమిటి అని అడుగుతున్నారు.

అమ్మా, ఆ అబద్ధం దగ్గరే మొదలుపెడతాను. మీ ఉత్తరంలో కలం అన్నిటికంటే గట్టిగా ఒత్తినది అక్కడే.

చదవని పేజీల గురించి అయిదు వాక్యాలు రాయడం ఎంత కష్టమో మీరే ఒకసారి ప్రయత్నించి చూడండి. అధ్యాయం పేరు చూడాలి, అట్ట వెనుక రాసినది గుర్తుపెట్టుకోవాలి, నిన్న రాసినదానితో ఇవాళ్టిది పొసగాలి, అమ్మ ఏదైనా అడిగితే తడుముకోకూడదు. రోజుల తరబడి ఇంత పని చేసినవాడిని బద్ధకస్తుడని ఎలా అంటాం? వాడిని వెనకేసుకురావడం లేదు. చదవడం కంటే కష్టమైన పనిని ఎందుకు నెత్తిన వేసుకున్నాడన్నదే నన్ను ఆలోచింపజేస్తోంది.

మీ పట్టికను మనసులో మరోసారి గోడకు తగిలించి చూడండి. అందులో పుస్తకం ఎక్కడుంది? ఫోను దగ్గరికి వెళ్ళే దారిలో, సుంకం వసూలు చేసే చోట ఉంది. సుంకం కట్టేవాడు ఎవడైనా తక్కువలో బయటపడాలనే చూస్తాడు. మీరు పేజీలు లెక్కపెట్టారు, వాడు పేజీలు అప్పజెప్పాడు. కథ నచ్చిందా లేదా అని రాసుకునే గడి అందులో లేదు.

ఈ సందర్భంలో పాత ప్రయోగమొకటి గుర్తుకొస్తోంది. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో ప్రచురించారు. బొమ్మలు గీయడమంటే అప్పటికే ఇష్టమున్న శిశు పాఠశాల పిల్లలను తీసుకున్నారు. కొందరికి “బొమ్మ గీస్తే ప్రశంసాపత్రం ఇస్తాం” అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, గీశాక ఇచ్చారు. ఇంకొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తరువాత, ఎవరూ ఏమీ ఆశపెట్టని మామూలు రోజున చూస్తే, ముందే మాట తీసుకున్న పిల్లలు బొమ్మలు గీస్తూ గడిపిన సమయం మిగతావాళ్ళలో దాదాపు సగమే. చెప్పకుండా అందుకున్నవాళ్ళ ఇష్టం మాత్రం తగ్గలేదు. మీ వాడు శిశువు కాడు, బొమ్మలు గీయడం పుస్తకాలు చదవడం ఒకటి కాదు, కాబట్టి ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి మీ ఇంటికి అంటించను. కానీ “ఇది చేస్తే అది ఇస్తాను” అన్నప్పుడు, ఏది చేదుమందో ఏది తీపి పదార్థమో పిల్లవాడికి మనమే నేర్పుతున్నాం. మీరు మళ్ళీ అలాంటి పట్టిక పెట్టాలనుకుంటే, ఈసారి టిక్కులు ఇంకా అందంగా వస్తాయని మాత్రం చెప్పగలను.

అబద్ధం గురించి వాడితో ఒక్కసారి మాట్లాడండి. రెండు నిమిషాలు చాలు. “నువ్వు చదవకుండా చదివానని రాశావు, అది తప్పు. నేను నిన్ను అందరి ముందూ ఆ మాట అన్నాను, అదీ తప్పు” అని చెప్పి లేచిపోండి. సమాధానం కోసం కూర్చోవద్దు. ఆ పన్నెండేళ్ళ ముఖంలో పశ్చాత్తాపం కోసం వెతకవద్దు, అది వెంటనే కనబడే వయసు కాదు. చెల్లెలి ఎదుట అన్న మాటను చెల్లెలి ఎదుటే వెనక్కి తీసుకుంటే ఇంకా మంచిది. పిల్లల ముందు తగ్గితే అలుసైపోతామని మీ ఇంట్లో ఎవరైనా అనవచ్చు. నాకు ఆ భయం లేదు గానీ, మీ ఇంటి సంగతి మీకే ఎక్కువ తెలుసు.

ఇక ఏ దారి పట్టాలన్నా ముందు ఒకటి తేల్చుకోవాలి. వాడికి చదవడం ఇష్టం లేదా, కష్టమా? బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. పరీక్షలా కాకుండా, ఆ గేమ్ వ్యాసమే ఒకటి “నాకు అర్థం కావడం లేదు, కాస్త చదివి చెప్పు” అని అడిగి వినండి. కూడబలుక్కుంటున్నాడా? మొదటి అక్షరం చూసి మిగతాది ఊహిస్తున్నాడా? వరుస తప్పి పైకీ కిందకీ పోతున్నాడా? కాసేపటికే కళ్ళు నులుముకుంటున్నాడా? దూరంగా ఉన్న నల్లబల్ల స్పష్టంగా కనబడే పిల్లలకు కూడా దగ్గరి అక్షరాలు శ్రమ కావచ్చు. దూరపు అక్షరాల పట్టికతో చేసే కంటి పరీక్షలో అది దొరకకుండా తప్పించుకుంటుంది. అలాగే చురుకైన పిల్లలు కొందరు డిస్‌లెక్సియా (తెలివి ఉన్నా అక్షరాలు, మాటలు చదవడంలో వచ్చే ఇబ్బంది) ఉన్నా తెలివితో నెట్టుకొచ్చి, పాఠాలు పొడవయ్యే ఆరు, ఏడు తరగతుల్లో దొరికిపోతారు. అలాంటిది ఏమైనా అనుమానం వస్తే కంటి వైద్యుడి దగ్గరికి, చదవడంలోని ఇబ్బందులు చూసే నిపుణుల దగ్గరికి వెళ్ళండి. ఈ ఉత్తరంలోని మిగతాదంతా అప్పుడు రెండో సంగతి. మీ వాడు గంటలకొద్దీ చదువుతున్నాడంటున్నారు కనుక బహుశా ఇబ్బంది లేదు. అయినా ఆ వ్యాసాల్లో పేరాలు పొట్టిగా ఉంటాయి, బొమ్మలు దారి చూపిస్తాయి, కాబట్టి ఒకసారి వినడంలో నష్టం లేదు.

వెనకబడిపోతాడేమో అన్నారు. 1996లో హారిస్ కూపర్ అనే అమెరికా పరిశోధకుడి బృందం వేసవి సెలవుల మీద జరిగిన 39 అధ్యయనాలను కలిపి చూసింది. సగటున ఒక నెల చదువంత జారిపోతుందని తేల్చింది. ఎక్కువగా జారేది లెక్కలు చేయడం, పదాలు తప్పుల్లేకుండా రాయడం. చదవడంలో మాత్రం కుటుంబ స్థితిని బట్టి ఫలితం మారింది. మధ్యతరగతి పిల్లలు తగ్గలేదు సరికదా, కాస్త పెరిగారు కూడా. ఆ కొలతల మీదే తరువాత కొందరు పరిశోధకులు సందేహాలు లేవనెత్తారు. ఇంట్లో పుస్తకాలుండి, రాత్రి కథ చదివే అమ్మ ఉన్న పిల్లవాడు రెండు నెలల్లో చదవడం మరిచిపోడు. ఈ బెంగను పక్కన పెట్టేయండి.

బడివాళ్ళ జాబితాను సరదా చదువులో కలపకండి. అది హోంవర్క్. ప్రశ్నపత్రం వెంటబెట్టుకుని వచ్చిన పుస్తకాన్ని “చదువుకో, సరదాగా ఉంటుంది” అంటే పిల్లలు నమ్మరు, నమ్మనక్కర్లేదు కూడా. ఏ వారం ఏది పూర్తి చేయాలో వాడినే నిర్ణయించుకోమని, లెక్కల హోంవర్క్‌ను చూసినంత మామూలుగా దాన్నీ చూడండి. మరీ మొండికేస్తే ఒకటి రెండు మీరూ కూర్చుని కలిసి చదవండి.

ఇప్పుడు మీ ఆయనగారి మాట. వదిలేయడం తీసిపారేయాల్సిన సలహా కాదు. ఏడాదిగా పుస్తకం పేరెత్తితే గొడవే గుర్తొస్తున్న ఇంట్లో, కొన్నాళ్ళు ఎవరూ ఆ ఊసెత్తకపోతే గాయం ఆరుతుంది. కానీ వదిలేయడంలో రెండు రకాలున్నాయి. నమ్మి వదిలేయడం ఒకటి, విసిగి వదిలేయడం ఒకటి. రెండో రకంలో నోరు ఊరుకుంటుంది గానీ నిట్టూర్పులు ఊరుకోవు. “చూడు, చెల్లి ఎంత చక్కగా చదువుకుంటోందో” అన్న మాట రోజుకోసారి జారుతుంది. మీరు చేయగలిగింది అదే అయితే ఈ దారి వద్దు. ఇంకో చిక్కు కూడా ఉంది. మీరు వదిలిన ఖాళీ ఖాళీగా ఉండదు, ఫోను వచ్చి కూర్చుంటుంది. కాబట్టి ఫోనుకు గంటలు వేరుగా, పుస్తకంతో ముడిపెట్టకుండా, ముందే నిర్ణయించాలి. చదివినా చదవకపోయినా అన్నే గంటలు.

కూర్చోబెట్టడమే మీ స్వభావానికి సరిపడుతుందనుకుంటే, పేజీలు మాని సమయం పెట్టండి. రోజూ ఒక అరగంట ఇంట్లో అందరూ ఏదో ఒకటి చదవాలి, ఫోనులన్నీ వేరే గదిలో. వాడు ఏం చదివాడని అడగకూడదు. పైకప్పు చూస్తూ కూర్చున్నా అరగంట అరగంటే. మొదటి వారం భరించలేనంత విసుగ్గా ఉంటుంది, ముందే చెబుతున్నాను. ఆ విసుగులోనే చేయి దేనివైపో చాస్తుంది. అందరూ అంటే అందరూ. మీ ఆయనగారు పక్కగదిలో వార్తలు చూస్తూ ఉంటే ఈ ఏర్పాటు మూడో రోజుకు కూలిపోతుంది. ఆయనకు కథలు అక్కర్లేకపోతే ఆయన వృత్తికి సంబంధించిన పత్రికే చదవమనండి. నాన్న చేతిలో కాగితం కనబడాలి, అంతే.

ఏ దారి పట్టినా పుస్తకం ఎంచుకోవడం మాత్రం వాడికి వదిలేయాలి. ఇక్కడ నేను కాస్త గట్టిగా మాట్లాడతాను, ఎందుకంటే ఇక్కడ నేనే తప్పు చేశాను. ఒక బడిలో చాలాకాలం గ్రంథాలయం చూసుకున్నాను. ఆరో తరగతి పిల్లవాడొకడు మునిగిపోయిన ఓడల గురించిన పుస్తకం ఒకటి పదేపదే తీసుకెళ్ళేవాడు. పెద్ద బొమ్మలు, బొమ్మల పక్కన నాలుగేసి వాక్యాలు. పుస్తకం వీపు ఊడిపోతే రెండుసార్లు నేనే అంటించాను. రిజిస్టరులో వాడి పేరు ఎదురుగా అదే నంబరు తొమ్మిదిసార్లు పడింది. పదోసారి నేను నవ్వుతూనే, “ఇది చాల్లే, ఈసారి నీ స్థాయికి తగ్గది ఒకటి తీసుకో” అని ఒక మంచి నవల చేతిలో పెట్టాను. బుద్ధిగా తీసుకెళ్ళాడు. వారానికి తెచ్చి బల్లమీద పెట్టి వెళ్ళాడు. ఆ ఏడాదంతా మళ్ళీ గ్రంథాలయం గడప తొక్కలేదు. ఆ నవల నిజంగానే మంచిది. అది నన్ను ఇప్పటికీ ఓదార్చదు.

రిచర్డ్ ఆలింగ్టన్, ఆన్ మెక్‌గిల్-ఫ్రాన్జెన్ అనే పరిశోధకుల బృందం అమెరికాలోని ఫ్లోరిడాలో పేద కుటుంబాల చిన్నతరగతి పిల్లలకు వరుసగా మూడు వేసవులు, ఏటా 12 పుస్తకాల చొప్పున, పిల్లలు తామే ఎంచుకున్నవి ఇళ్ళకిచ్చి పంపింది. 2010లో ప్రచురించిన ఫలితాల్లో, పుస్తకాలు అందని పిల్లలకంటే వాళ్ళు చదువు పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారు. ఆ పిల్లలు ఎగబడి తీసుకున్నవి ఏమిటనుకున్నారు? టీవీలో కనబడే గాయకులు, తారల గురించిన పుస్తకాలు. మీ ఇంట్లో పుస్తకాలకు కొరత లేదు కాబట్టి అంత తేడా మీకు కనబడకపోవచ్చు. అయినా ‘పనికిమాలిన’ పుస్తకాలతోనే అది జరిగిందన్నది మీరు గుర్తుంచుకోవలసిన సంగతి.

కనుక బొమ్మల కథలు చదువే. గేమ్ వ్యాసాలూ చదువే. ఒకసారి తీరికగా వాటిని మీరూ చూడండి. షరతులు, మినహాయింపులు, వరుసక్రమం, కొత్త మాటలు, ఎన్ని ఉంటాయో! ఆ గేమ్ ప్రపంచం మీద రాసిన నవలలుంటే, ఆ గేమ్‌లు తయారుచేసేవాళ్ళ కథలుంటే, అవి అలా కనబడే చోట పడేసి ఉంచవచ్చు. గ్రంథాలయానికి తీసుకెళితే వాడిని లోపలికి పంపి మీరు వేరే వరుసలో కూర్చోండి. వెనుక నిలబడి “అది చిన్నపిల్లలది” అనే అమ్మ ఉంటే ఏ పిల్లవాడూ తనకు నచ్చినది తీసుకోడు. సగంలో మానేసే హక్కు కూడా ఇవ్వండి. ఫ్రాన్సులో ఉపాధ్యాయుడిగా పనిచేసిన రచయిత దనియెల్ పెనాక్ 1992లో పాఠకుడి హక్కులంటూ పది రాశాడు. వాటిలో మొదటిది చదవకుండా ఉండే హక్కు, రెండోది పేజీలు దాటేసే హక్కు, మూడోది పూర్తి చేయకుండా వదిలేసే హక్కు. పెద్దవాళ్ళం మనం ఈ మూడూ ఎవరి అనుమతీ లేకుండా వాడుకుంటూనే ఉన్నాం.

వాడి ఈడు స్నేహితుడెవడైనా ఏదైనా ధారావాహికగా చదువుతుంటే, అదే పుస్తకం వాడికీ దొరికేలా చూడండి. ఈ వయసులో స్నేహితుడి ఒక్క మాట మన పది మాటల పెట్టు.

చివరగా, మీరు విసుగుతో ఒక వాక్యంలో దాటేసిన సంగతి. పాపకు కథ చదువుతుంటే వాడు ఛార్జర్ వెతుక్కుంటూ వచ్చి తచ్చాడుతాడన్నారు. రోజూ ఆ వేళకే, రోజూ ఆ గదిలోనే పోతోందా ఆ ఛార్జర్?

వాడు చదవడం నేర్చుకున్నందుకు వాడికి దొరికినది ఏమిటో చూడండి. అమ్మ పక్కన పడుకుని వినే అరగంట పోయింది, అది చెల్లెలికి వెళ్ళింది. మీ తప్పేమీ లేదు, చాలామంది తల్లిదండ్రులు ఆ వయసుకే ఆపేస్తారు. కానీ చాలామంది పిల్లలకు ఈ ఈడు వరకూ చెవితో విని అర్థమయ్యేది, కంటితో చదివి అర్థమయ్యేదానికంటే ఒక మెట్టు పైనే ఉంటుంది. వాళ్ళు తామై చదవలేనంత మంచి కథ వినగలరు. ‘ఎనిమిదో తరగతికి వెళ్ళేవాడికి కథ చదివి వినిపించడమేమిటి’ అని మీకూ వాడికీ ఇద్దరికీ సిగ్గు ఉంటుంది. అందుకే వాడిని పిలవకండి. పాప ఈడుకు కాస్త మించిన పుస్తకం ఒకటి, కొంచెం భయం, కొంచెం హాస్యం ఉన్నది తీసుకుని పాపకే చదవండి. మంచి పట్టులో ఉండగా “నిద్రొస్తోంది” అని ఆపేసి, పుస్తకం హాల్లో బల్లమీద వదిలేయండి. పొద్దున అది అంగుళం జరిగి ఉన్నా చూడనట్టే ఉండండి.

ఇందులోనూ చిక్కుంది. వాడు విని ఊరుకోవచ్చు. సెలవులయ్యేసరికి మీ గొంతు బొంగురుపోయి, వాడు ఒక్క పేజీ కూడా తనంతట తాను చదవకపోవచ్చు. లేదా ఆ వినడం ఆడియో పుస్తకాలకు మళ్ళవచ్చు. నేనైతే దాన్ని ఓటమిగా లెక్కపెట్టను. మీరు లెక్కపెట్టేటట్టయితే ఆ విసుగు రెండో వారానికే మీ గొంతులో వినబడుతుంది, వాడు పసిగడతాడు. అలాంటప్పుడు అరగంట పద్ధతే మీకు నయం.

మీ స్థానంలో నేనుంటే రెండు నిమిషాల ఆ మాట ఇవాళే చెప్పేస్తాను. 212వ పేజీలో గుర్తుకాగితం ఉన్న ఆ పుస్తకం ఇంకా కళ్ళెదుట అలమరలో ఉంటే తీసి లోపల పెట్టేస్తాను. దాన్ని చూసినప్పుడల్లా వాడికి గుర్తొచ్చేది కథ కాదు కదా. రాత్రి పాపకు చదివేటప్పుడు తలుపు తీసే ఉంచుతాను. వాడు ఛార్జర్ కోసం వస్తే, అది ఎక్కడుందో నాకు తెలిసినా చెప్పను.